ఫైటర్ పైలట్‌కి కమాండ్ చేయడం వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా (ఆఫీసర్ కాని సిబ్బందిగా) చేరి, ఉద్యోగమంతా విమానాల సర్వీసింగ్‌లోనే గడిపి, వారంట్ ఆఫీసర్‌గా రిటైరైనవాడిని. ఇప్పుడు బెంగళూరులో జాలహళ్లి దగ్గర ఉంటున్నాను. కబ్బన్ రోడ్డులో ఎస్‌ఎస్‌బీకి (ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డుకి) వచ్చే మన తెలుగు పిల్లలు, మైసూరు ఎయిర్ ఫోర్స్ బోర్డుకి వెళ్తూ ఇక్కడ ఒకరోజు ఆగేవాళ్లు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే వాళ్ల అమ్మానాన్నలు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుంది. నేను పైలట్‌ని కాదు. పైలట్లు ఎక్కే విమానాన్ని సిద్ధం చేసి ఇచ్చినవాడిని, వాళ్లలో కొందరు తర్వాత నాకు సీఓలుగా (కమాండింగ్ ఆఫీసర్లుగా) వచ్చారు కూడా. కాబట్టి ఇది హ్యాంగర్‌లో నిలబడి చూసినవాడి అభిప్రాయం అనుకుని చదవండి.

చుట్టూ తిప్పకుండా చెప్పండి సార్, ఫైటర్ పైలట్‌కి మనుషుల్ని నడపడం వస్తుందా, రాదా?

స్క్వాడ్రన్ (పదహారు, పద్దెనిమిది విమానాల యూనిట్) స్థాయి దాకా వస్తుంది. అయితే విమానం నడిపినంత మాత్రాన రాదు, విమానం దిగాక మిగతా రోజంతా చేసే పనుల వల్ల వస్తుంది. ఆ పనులు మనసుపెట్టి చేసినవాడికి బాగా వస్తుంది, తప్పించుకు తిరిగినవాడు వింగ్ కమాండర్ అయ్యాక కూడా మనుషుల మధ్య తడబడుతూనే ఉంటాడు. స్క్వాడ్రన్ దాటి బేస్ స్థాయికి వెళ్తే అది పూర్తిగా వేరే చదువు, దాని సంగతి కింద రాశాను.

ఆర్మీలో లెఫ్టినెంట్‌కి చేరగానే ముప్పై మంది జవాన్లను అప్పగిస్తారు. పైలట్‌కి ఎవరిని ఇస్తారు?

ఎవరినీ ఇవ్వరు. ఈ చర్చ మొదలయ్యేదే ఇక్కడ.

డెహ్రాడూన్‌లోనో చెన్నైలోనో ట్రైనింగ్ ముగించుకుని పదాతి దళంలో అడుగుపెట్టిన ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతికి ఒక ప్లటూన్ వస్తుంది. ఎవరికి సెలవు కావాలి, ఎవరి భార్యకి నెలలు నిండాయి, ఊళ్లో పొలం తగాదా వల్ల ఎవరికి నిద్ర పట్టడం లేదు, ఇవన్నీ మొదటి నెలలోనే అతని దాకా వస్తాయి. నేర్పడానికి పక్కన తల పండిన సుబేదార్ సాబ్ ఉంటాడు. అదే వయసు పైలట్ దుండిగల్‌లో పీసీ-7 శిక్షణ విమానం మీద మొదలుపెట్టి, ఫైటర్ స్ట్రీమ్ వస్తే బీదర్‌లో హాక్ జెట్ మీద నేర్చుకుని స్క్వాడ్రన్‌కి వచ్చేసరికి ఇంకా విద్యార్థే. అతనికి ఆ విమానం పూర్తిగా చేతికి రావడానికే కొన్నేళ్లు పడుతుంది, ఆ కొన్నేళ్లూ అందరూ అతనికి చెప్పేవాళ్లే గానీ అతను చెప్పాల్సినవాళ్లు ఎవరూ ఉండరు.

దీనికి కారణం పని తీరులోనే ఉంది. ఆర్మీలో ఆఫీసర్ తన మనుషుల్ని వెంటబెట్టుకుని యుద్ధానికి వెళ్తాడు. మా దగ్గర ఆఫీసరే వెళ్తాడు, మేం కింద ఉండి పంపిస్తాం. ఒక ఫైటర్ స్క్వాడ్రన్‌లో విమానాలు 16 నుంచి 18, పైలట్లు ఇరవై, పాతిక మంది ఉంటే ఎయిర్‌మెన్ వందల్లో ఉంటారు. అంతమందీ కుర్ర పైలట్ కింద ఉండరు, ఇంజినీరింగ్ ఆఫీసర్ కింద ఉంటారు.

భుజం మీద చారలు చూసి కూడా ఒక అంచనాకి రావద్దు. కమిషన్ (ఆఫీసర్ హోదా) వచ్చిన 2 ఏళ్లకి ఫ్లైట్ లెఫ్టినెంట్, 6 ఏళ్లకి స్క్వాడ్రన్ లీడర్, 13 ఏళ్లకి వింగ్ కమాండర్ అవుతారు. పరీక్షలు పాసై, రికార్డు సరిగ్గా ఉంటే సర్వీసుతో పాటు ఈ ర్యాంకులు వచ్చేస్తాయి. పేరులో స్క్వాడ్రన్ లీడర్ అని ఉన్నా అతను స్క్వాడ్రన్‌ని నడపడం లేదు, ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

మరి ఆ మొదటి పదేళ్లు పైలట్ నాయకత్వం గురించి నేర్చుకునేదేమీ లేదా?

ఎందుకు లేదు, చాలా ఉంది. మొదట ఇంకొకరి పక్కన ఎగురుతాడు, తర్వాత రెండు విమానాలకి లీడర్ అవుతాడు, ఆ తర్వాత నాలుగింటికి. నాలుగు విమానాల్ని తీసుకెళ్లేవాడు ఇంధనం, వాతావరణం, శత్రువు రాడార్, పక్కవాడి అనుభవం అన్నీ ఒకేసారి బుర్రలో పెట్టుకుని, సెకన్లలో నిర్ణయం తీసుకుని, దాని ఫలితం తానే మోయాలి. బాగా రాణించినవాళ్లని గ్వాలియర్‌లో టాక్‌డే అనే యుద్ధ తంత్రాల బడికి, ఫైటర్ కంబాట్ లీడర్ కోర్సుకి పంపుతారు, నేర్పే నేర్పున్నవాళ్లు తాంబరంలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్‌కి వెళ్తారు. ఇన్‌స్ట్రక్టర్ అయినవాడు భయపడే కుర్రాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వాడు తప్పు చేస్తుంటే చేయి పెట్టకుండా ఎంతసేపు ఓర్చుకోవాలో నేర్చుకుంటాడు. ఆ ఓర్పు తర్వాత సీఓ కుర్చీలో చాలా పనికొస్తుంది.

ఇక డీబ్రీఫ్. దిగిన వెంటనే గదిలో కూర్చుని ఎవరు ఎక్కడ తప్పారో ర్యాంకు చూడకుండా మాట్లాడుకుంటారు. "ఆ మలుపులో నేను ఆలస్యం చేశాను" అని సీనియర్ తన జూనియర్ల ముందు చెప్పడం అక్కడ మామూలు విషయం. ఇంత నిజాయితీగా తప్పొప్పులు మాట్లాడుకునే అలవాటు బయట ఆఫీసుల్లో దొరకదు, దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

లోటు ఎక్కడంటే, ఇదంతా గంట, గంటన్నర నాయకత్వం. తనలాగే చదువుకున్న, తనలాగే ఉత్సాహంగా ఉన్న ముగ్గురు నలుగురిని నడపడం. ప్రమోషన్ రాక విసిగిపోయిన సార్జెంట్‌ని, పిల్లల స్కూలు మధ్యలో ట్రాన్స్‌ఫర్ పడిన కార్పొరల్‌ని, తాగుడు అలవాటైన ఒక మంచి పనివాణ్ని రెండేళ్లు నెట్టుకురావడం ఆకాశంలో ఎవరూ నేర్పలేరు.

ఫైటర్ వాళ్లకీ, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ వాళ్లకీ ఈ విషయంలో తేడా ఉందా?

ఉంది, చాలామంది ఊహించేదానికి తలకిందులుగా ఉంది.

ఏఎన్-32 లేదా ఐఎల్-76 కెప్టెన్‌కి మొదటినుంచీ క్రూ ఉంటుంది. కో-పైలట్, నావిగేటర్, ఇంజినీర్, లోడ్ చూసేవాళ్లు, వీళ్లలో ఎయిర్‌మెన్ కూడా ఉంటారు. వేరే ఊళ్లో రాత్రి ఆగాల్సి వస్తే వాళ్లందరి తిండి, పడక, విశ్రాంతి కెప్టెన్ చూసుకోవాల్సిందే. హెలికాప్టర్ వాళ్లది ఇంకా గట్టి పాఠం. రెండు హెలికాప్టర్లు, గుప్పెడు మంది ఎయిర్‌మెన్‌తో ఏ కొండల్లోనో డిటాచ్‌మెంట్ (బేస్‌కి దూరంగా ఉండే చిన్న బృందం) వేస్తారు. అక్కడ సీఓ ఉండడు, మెస్ ఉండదు, ఫోన్ సరిగా పలకదు. ఆ డిటాచ్‌మెంట్‌కి పెద్ద ఒక ఫ్లైట్ లెఫ్టినెంటో, స్క్వాడ్రన్ లీడరో. ఇంజిన్ చూసే సార్జెంట్‌కి జ్వరం వస్తే దుప్పటి కప్పాల్సిందీ, "ఈ మంచులో ఇవాళ ఎగరడం కుదరదు" అని పైవాళ్లకి చెప్పాల్సిందీ అతనే. నా దృష్టిలో వైమానిక దళంలో కమాండ్ నేర్పే అసలైన బడి డిటాచ్‌మెంటే.

సికింద్రాబాద్‌లో పుట్టిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఫాలీ హోమీ మేజర్ 2007లో చీఫ్ అయినప్పుడు హెలికాప్టర్ పైలట్ ఆ పదవికి రావడం అదే మొదటిసారి. అంతకుముందు 75 ఏళ్ల దళంలో ఒక్కరికీ ఆ అవకాశం రాలేదు. మా ఎయిర్‌మెన్‌కి ఆ రోజు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను.

ఫైటర్ పైలట్ కాక్‌పిట్‌లో ఒక్కడే. అతను మనుషుల మధ్యకి రావాలంటే ప్రయత్నం చేసి రావాలి.

విమానానికి కెప్టెన్ అంటే కమాండరే కదా, ఇంకేం కావాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ దళంలో సార్జెంట్ పైలట్లు చాలామంది ఉండేవారు. అదే విమానంలో నావిగేటర్ ఆఫీసర్ అయినా సరే, గాల్లో ఉన్నంతసేపూ కెప్టెన్ సార్జెంటే, అతని మాటే అందరూ వినాలి. నేల మీదకి దిగగానే సార్జెంట్ సెల్యూట్ కొట్టాలి, ఇద్దరూ వేరువేరు మెస్‌లకి వెళ్లి భోజనం చేయాలి. అంటే విమానానికి కెప్టెన్‌గా ఉండడం, మనుషులకి కమాండర్‌గా ఉండడం రెండూ ఒకటి కాదని వాళ్లకి అప్పుడే తెలుసు. అమెరికా ఆర్మీ ఈ రోజుకీ హెలికాప్టర్లని ఎక్కువగా వారంట్ ఆఫీసర్ల చేతికే ఇస్తుంది. ఎగరడమే వాళ్ల పని, కంపెనీలనీ బెటాలియన్లనీ నడిపే బాధ్యత వేరే ఆఫీసర్లది.

ఫ్లైట్ కమాండర్ పోస్టు గురించి అంత గొప్పగా చెప్తారెందుకు?

పైలట్‌కి మొదటిసారి నిజంగా మనుషుల బాధ్యత వచ్చేది అక్కడే కాబట్టి. సీఓ తర్వాత స్క్వాడ్రన్ రోజువారీ నడక ఫ్లైట్ కమాండర్ల చేతిలో ఉంటుంది. రేపు ఎవరు ఎగరాలి, ఎవరికి రాత్రి ఫ్లయింగ్ ఇవ్వాలి, ఇంట్లో గొడవతో మనసు చెదిరి ఉన్న కుర్రాణ్ని పేరు పాడవకుండా రెండు రోజులు ఎలా పక్కన కూర్చోబెట్టాలి, ఇంజినీరింగ్ ఆఫీసర్ "ఆరు విమానాలే ఇవ్వగలను" అంటే ఎనిమిదికి వేసిన ప్రోగ్రాంలో దేన్ని కోయాలి, ఇవన్నీ అతను తేల్చాలి. జూనియర్ల రిపోర్టులు రాయాలి. ఎవరైనా పోతే వాళ్ల ఇంటికి వెళ్లే నలుగురిలో అతనూ ఉండాలి.

సర్వీసులో పన్నెండు, పదిహేనేళ్లకి గానీ ఇది రాదు. ఆర్మీ కుర్రాడు మొదటి ఏడాదే మొదలుపెట్టిన చదువు ఇక్కడ అంత ఆలస్యంగా మొదలవుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే సీఓ కుర్చీ. మొదట ఫ్లైట్ కమాండర్‌గా తడబడి, సర్దుకుని, మళ్లీ తడబడి నేర్చుకునేంత సమయం చాలామందికి ఉండదు, నా అసలు ఫిర్యాదు అదే.

అన్నా, మెస్ సెక్రటరీ, స్పోర్ట్స్ ఆఫీసర్ లాంటి డ్యూటీలు టైమ్ వేస్ట్ కదా? ఫ్లయింగ్ మీద దృష్టి పెట్టుకోవచ్చు కదా?

తమ్ముడూ, ఇలా అనుకున్నవాళ్లనే నేను పైన తప్పించుకు తిరిగేవాళ్లు అన్నాను.

కుర్ర పైలట్‌కి స్క్వాడ్రన్‌లో ఎగరడంతో పాటు ఏదో ఒక బాధ్యత తగిలిస్తారు. అడ్జుటెంట్, మెస్ సెక్రటరీ, ఇన్వెంటరీ, ఎంక్వయిరీలో సభ్యుడు, వంతుల వారీగా ఆర్డర్లీ ఆఫీసర్. ఆర్డర్లీ ఆఫీసర్ పనుల్లో ఒకటి ఎయిర్‌మెన్ మెస్‌కి వచ్చి తిండి ఎలా ఉందో చూడడం. కొందరు వచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోతారు. కొందరు ప్లేటు పట్టుకుని మాతో కూర్చుని ఆ పప్పే తింటారు, తిన్నాక వంటవాణ్ని పిలిచి నీళ్లలా ఉందని నెమ్మదిగా చెప్తారు. ఇరవై నాలుగేళ్లప్పుడు ప్లేటు పట్టుకున్నవాడే నలభైలో మంచి సీఓ అవుతాడని మేం హ్యాంగర్‌లో అనుకునేవాళ్లం, చాలాసార్లు అది నిజమైంది.

అడ్జుటెంట్ పని ఇంకా మంచిది. సెలవు కాగితాలు, క్వార్టర్ల గొడవలు, శిక్షలు, అన్నీ ఆ బల్ల మీదుగానే పోతాయి. ఒక ఏడాది ఆ బల్ల దగ్గర కూర్చున్న పైలట్‌కి స్క్వాడ్రన్ అంటే విమానాలు మాత్రమే కాదని అర్థమైపోతుంది.

హ్యాంగర్‌లో పనిచేసేవాళ్లకి మంచి సీఓ ఎవరో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి పెద్ద జవాబే రాస్తాను, నాకు బాగా తెలిసింది ఇదే కాబట్టి.

ప్రతి విమానానికీ ఎఫ్-700 అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ పని జరిగింది, ఎవరు చేశారు, ఎవరు చూశారు, అన్నిటికీ దాన్లో సంతకాలుంటాయి. చివర్లో పైలట్ సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఆ సంతకంతో అతను తన ప్రాణాన్ని ఎప్పుడూ పేరు కూడా అడగని ఒక కార్పొరల్ చేతిలో పెడుతున్నాడు. మంచి సీఓకి ఈ సంగతి ప్రతి ఉదయం గుర్తుంటుంది, అది అతను మాతో మాట్లాడే తీరులో తెలిసిపోతుంది.

రాత్రి పదకొండింటికి విమానం ఇంకా తయారు కాలేదనుకోండి, పొద్దున ఐదింటికి ఎగరాలి. ఒక సీఓ వచ్చి "ఎప్పటికవుతుంది?" అని అడుగుతాడు. ఇంకొకాయన వచ్చి "ఏం కావాలి?" అంటాడు. మొదటాయనకి మేం ఒక టైమ్ చెప్తాం, ఆ టైమ్ అందుకోవడానికి కంగారు పడతాం. రెండో ఆయనకి ఫలానా పార్ట్ పక్క స్క్వాడ్రన్‌లో ఉంది, వాళ్లు ఇవ్వడం లేదు అని చెప్తాం, ఆయన ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వస్తుంది. ఇద్దరూ మంచి పైలట్లే.

అన్నిటికంటే పెద్ద పరీక్ష పోయిన పనిముట్టు. సర్వీసింగ్ అయ్యాక టూల్ బాక్స్‌లో ఒక్క స్క్రూడ్రైవర్ తగ్గినా విమానం కదలకూడదు, అది కంట్రోల్స్‌లో ఇరుక్కుంటే మనిషి పోతాడు. నేను పనిచేసిన ఒక చోట ఫ్లయింగ్ మొదలవబోతుండగా కొత్త కుర్రాడొకడు వణుకుతూ వచ్చి తన లెక్కలో ఒకటి తగ్గిందన్నాడు. సీఓ ఆ రోజు ఫ్లయింగ్ ఆపేశాడు, అందరం వెతికాం, ఒక ట్రాలీ కింద దొరికింది. మర్నాడు పొద్దున పరేడ్‌లో ఆ కుర్రాడి పేరు పిలిచి, అందరి ముందు చేయి కలిపి, నువ్వు నోరు విప్పడం వల్ల మేం నిశ్చింతగా ఎగురుతున్నాం అన్నాడు. ఆ తర్వాత ఆ స్క్వాడ్రన్‌లో చిన్న తప్పు జరిగినా ఎవరూ దాచలేదు. ఇంకోచోట ఇలాంటిదే జరిగితే సీఓ కుర్రాణ్ని అందరి ముందు తిట్టిపోశాడు. ఆ రోజు నుంచి ఎవడూ ఏదీ చెప్పడం మానేశాడు, లెక్కలు మాత్రం అన్నీ కాగితం మీద సరిగ్గానే కనపడేవి. ఆ నెలలు నేను పడిన టెన్షన్ ఇంకెప్పుడూ పడలేదు.

విదేశాల్లో కూడా మంచి సీఓ లక్షణాలు ఇవే. అమెరికా వైమానిక దళంలో రాబిన్ ఓల్డ్స్ అనే కల్నల్ 1966లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్‌లో 8వ వింగ్ (కొన్ని స్క్వాడ్రన్లు కలిసిన దళం) బాధ్యత తీసుకున్నాడు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన పైలట్. అయినా వచ్చీ రాగానే, వియత్నాం మీద ఎగరడం నాకు కొత్త, నేర్చుకునేదాకా నా జూనియర్ల వెనకే ఎగురుతాను, నేర్పండి అన్నాడు. కొన్ని నెలలకే, 1967 జనవరి 2న ఆ వింగే ముందుండి నడిపిన ఆపరేషన్‌లో ఒక్కరోజే 7 మిగ్-21లు కూలాయి.

అర్జన్ సింగ్ గారు పాతికేళ్లు నిండకుండానే స్క్వాడ్రన్ నడిపారు కదా? మరి ఇప్పుడు ఇన్నేళ్లు ఆగడం ఎందుకు?

నిజమే. 1944లో ఇంఫాల్ యుద్ధంలో 1వ స్క్వాడ్రన్‌ని ఆయన పాతికేళ్ల వయసు చుట్టుపక్కలే నడిపారు, 45 ఏళ్లకే చీఫ్ అయ్యారు. బ్రిటన్‌లో గై గిబ్సన్ 24 ఏళ్లకి 617 స్క్వాడ్రన్‌కి సీఓ. అది యుద్ధకాలం, పెద్దవాళ్లు చనిపోతుంటే చిన్నవాళ్లు ముందుకి వచ్చారు. అప్పటి విమానం నేర్చుకోవడానికి నెలలు పడితే ఇప్పటి సుఖోయ్‌కో రఫేల్‌కో ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కొన్ని ఫైటర్ స్క్వాడ్రన్‌లకి గ్రూప్ కెప్టెన్లనే సీఓలుగా వేస్తున్నారు. అనుభవం ఎక్కువుండడం మంచిదే. కానీ వయసు పెరిగినంత మాత్రాన మనుషులతో అనుభవం పెరగదు, పెరిగే పని ఇస్తే పెరుగుతుంది.

సీఓ తానే ముందుండి ఎగరాలా? ఆఫీసులో కూర్చుని నడిపితే చాలదా?

ఫైటర్ స్క్వాడ్రన్‌లో చాలదు. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న 17వ స్క్వాడ్రన్ తన ఫ్లైట్ కమాండర్ స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజాని పోగొట్టుకుంది. కూలిన మిగ్-27 పైలట్ ఎక్కడ దిగాడో చూడడానికి అక్కడే ఉండిపోయి ఆయన ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. అప్పుడు ఆ స్క్వాడ్రన్ సీఓ తర్వాతి కాలంలో చీఫ్ అయిన బి.ఎస్. ధనోవా. ఆ కొండల మీద రాత్రిపూట మిగ్-21లలో దాడులకి ఆయన స్వయంగా వెళ్లారు. తమవాణ్ని పోగొట్టుకున్న కుర్రాళ్లని మళ్లీ అదే చోటికి పంపాలంటే ముందు తాను వెళ్లి రావాలి, ఇంకో దారి లేదు. ఇక్కడ మాత్రం పైలట్ నైపుణ్యమే నాయకత్వం, దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేయను.

బ్రహ్మాండంగా ఎగిరేవాళ్ల వల్ల దళానికి నష్టం జరిగిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. ఎస్‌ఎస్‌బీకి వెళ్లే ప్రతి పిల్లాడికీ నేను చెప్పేది ఫెయిర్‌చైల్డ్ సంగతి.

1994 జూన్ 24న అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ బేస్‌లో ఎయిర్ షో రిహార్సల్ చేస్తూ ఒక బీ-52 బాంబర్ కూలి నలుగురు చనిపోయారు. నడిపింది లెఫ్టినెంట్ కల్నల్ ఆర్థర్ హాలండ్, ఆ వింగ్‌లో మిగతా పైలట్లు రూల్స్ ప్రకారం ఎగురుతున్నారో లేదో చూడాల్సిన అధికారి. విమానం మీద అంత పట్టున్నవాడు లేడని పేరు. ఆ పేరుతోనే ఏళ్ల తరబడి హద్దులు దాటి ఎగిరాడు. అందరూ చూశారు. పై అధికారులు నోటిమాటగా మందలించి వదిలేశారు, వాళ్లు మారిపోయి కొత్తవాళ్లు వచ్చారు, వాళ్లూ అంతే.

ఒక్క మార్క్ మెక్‌గీహన్ అనే స్క్వాడ్రన్ కమాండర్ మాత్రం ఇతన్ని ఎగరనివ్వకూడదని పైవాళ్లని అడిగాడు. వాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడాయన తన స్క్వాడ్రన్ కుర్రాళ్లెవరూ నేను పక్కన లేకుండా ఇతనితో ఎగరడానికి వీల్లేదన్నాడు. చివరికి ఆ రోజు ఆయనే పక్క సీట్లో ఉన్నాడు, భార్యాపిల్లలు చూస్తుండగా పోయాడు.

ఆ విమానంలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరూ ఒకే ర్యాంకు, ఇద్దరూ అనుభవం ఉన్న పైలట్లు. ఒకడికి విమానం తప్ప ఇంకేమీ కనపడలేదు, ఇంకొకడికి తన మనుషులు కనపడ్డారు. పైన కూర్చున్నవాళ్లు కూడా వేల గంటలు ఎగిరినవాళ్లే, అయినా మంచి పైలట్‌కి వద్దని చెప్పడం వాళ్లకి చేతకాలేదు. వద్దని చెప్పగలగడం కాక్‌పిట్‌లో అలవడే గుణం కాదు.

స్క్వాడ్రన్ సరే, బేస్ నడపడానికి, ఇంకా పైకి వెళ్లడానికి ఈ అనుభవం సరిపోతుందా?

సరిపోదు. బేస్ అంటే వేలమంది, కుటుంబాలు, ఆసుపత్రి, స్కూలు, క్షిపణులు, రాడార్లు, కాంట్రాక్టర్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. అందుకే మధ్యలో వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి, మన సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్‌కి, తర్వాత ఢిల్లీలో నేషనల్ డిఫెన్స్ కాలేజీకి పంపుతారు. చదువు మంచిదే. కానీ 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది, ఆరుగురు వైమానిక దళం వాళ్లు, ఒక పౌరుడు చనిపోయారు. అది మా తప్పే, పెద్ద తప్పు అని అప్పటి చీఫ్ బహిరంగంగా ఒప్పుకున్నారు. అలాంటి గంటలో కంట్రోల్ గదిలో కావాల్సింది వేరు. పదిచోట్ల నుంచి వచ్చే సమాచారం సరిచూడాలి, అనుమానం ఉంటే ఆగమనాలి, కింది మనిషి "సర్, అది మనదేమో" అంటే వినాలి. ఈ గుణం పైలట్‌కే వస్తుందని రూలేమీ లేదు.

అలాంటప్పుడు పైలట్లే చీఫ్ ఎందుకవ్వాలి?

మన దగ్గర ఆనవాయితీ అలా ఉంది. యుద్ధంలో ప్రాణాలు పణంగా పెట్టేది పైలట్ కాబట్టి ఆ నిర్ణయం తీసుకునేవాడు ఆ పని చేసినవాడై ఉండాలన్న వాదనలో బలముంది. కానీ 2023లో బ్రిటిష్ వైమానిక దళం రిచర్డ్ నైటన్ అనే ఇంజినీర్‌ని చీఫ్‌ని చేసింది, పైలట్ కాని వ్యక్తి ఆ కుర్చీలోకి రావడం అక్కడ అదే మొదటిసారి, రెండేళ్లకి ఆయన త్రివిధ దళాలకీ అధిపతి కూడా అయ్యారు. జీవితమంతా ఇంజినీర్ల కింద పనిచేసినవాడిగా ఆ వార్త చదివి నేను పొంగిపోయాను. మన దగ్గర కూడా 2022లో వెపన్ సిస్టమ్స్ బ్రాంచ్ ప్రకటించారు. క్షిపణులు, డ్రోన్లు, ఇంటెలిజెన్స్, రెండు సీట్ల విమానాల్లో ఆయుధాలు చూసేవాళ్లు అందరూ అందులోకి వస్తారు. రేపు వీళ్లలోంచి కమాండర్లు వస్తారు, రావాలి. 2023లో గ్రూప్ కెప్టెన్ షలీజా ధామీ అనే హెలికాప్టర్ పైలట్‌కి పశ్చిమ సరిహద్దులో క్షిపణి స్క్వాడ్రన్ అప్పగించారు, పోరాట యూనిట్‌ని నడిపిన మొదటి మహిళ ఆవిడే. తాను ఎగిరే యంత్రం కాదది. అయినా మనుషుల్ని నడపడం వచ్చినావిడ కాబట్టి ఇచ్చారు.

శుభాంశు శుక్లా గారు పైలట్‌గా అంతరిక్షానికి వెళ్లారు కదా, ఆయనే కమాండరా?

కాదు. ఇక్కడ బెంగళూరులోనే ట్రైనింగ్ తీసుకున్న మనిషి కాబట్టి మన పిల్లలు ఇది తరచుగా అడుగుతారు. 2025 జూన్‌లో వెళ్లిన ఆక్సియమ్-4లో ఆయన పైలట్, కమాండర్ పెగ్గీ విట్సన్. ఆవిడ బయోకెమిస్ట్, యుద్ధ విమానం నడిపిన మనిషి కాదు. అంతకుముందే అంతరిక్ష కేంద్రానికి రెండుసార్లు కమాండర్‌గా చేశారు. టెస్ట్ పైలట్ అయిన మన గ్రూప్ కెప్టెన్ ఆవిడ కింద గౌరవంగా పనిచేసి వచ్చారు.

నౌకాదళంలో పైలట్లు ఓడల్ని ఎలా కమాండ్ చేస్తారు?

అమెరికాలో విమానవాహక నౌకకి కెప్టెన్‌గా విమానాల్లో పనిచేసినవాణ్నే వేయాలని 1926 నుంచి చట్టముంది. అయితే నేరుగా వేయరు. స్క్వాడ్రన్ నడిపాక అణు ఇంజిన్ల చదువు, తర్వాత నౌకలో రెండో స్థానం, తర్వాత ఒక సరుకుల నౌకో, అలాంటి ఇంకో పెద్ద నౌకో నడిపించి, అప్పుడు ఇస్తారు. పైలట్‌కి తెలియని పనిని ముందు చిన్న చోట చేయించి చూడడం, ఇదే మా వైమానిక దళంలోనూ ఎక్కువగా ఉండాలంటాను.

మా కంపెనీలో రిటైర్డ్ ఫైటర్ పైలట్‌ని పిలిచి లీడర్‌షిప్ మీద మాట్లాడించారు. ఆ పాఠాలు ఐటీ టీమ్‌కి పనికొస్తాయా?

డీబ్రీఫ్ అలవాటు తప్పకుండా తీసుకోండి, దానికి యూనిఫాం అక్కర్లేదు. చెక్‌లిస్ట్ కూడా. కానీ క్షణాల్లో నిర్ణయం తీసుకోవడం గురించి చెప్పే కథలు మీ పనికి పెద్దగా కుదరవు, మీకు ఆలోచించడానికి వారం టైముంటుంది. ఈసారి ఎవరైనా వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "మీరు సీఓగా ఉన్నప్పుడు మీ ఎయిర్‌మెన్‌లో ఎవరినైనా కాపాడుకున్న సందర్భం చెప్పండి సార్." దానికి వచ్చే జవాబు ఆ మొత్తం ప్రసంగం కంటే విలువైంది.

మా అబ్బాయి ఫైటర్ పైలట్ అవుతానంటున్నాడండి. నలుగురిలో నోరు విప్పడు. వాడికి నాయకత్వం కుదురుతుందా?

కుదురుతుందమ్మా. ఎస్‌ఎస్‌బీలో ఐదు రోజులు చూసేది గట్టిగా మాట్లాడేవాడిని కాదు. గ్రూప్ టాస్క్‌లో చెక్క పలక జారిపోతుంటే పట్టుకునేదెవరు, కమాండ్ టాస్క్‌లో తన కింద ఇద్దరిని ఎన్నుకోమంటే ఎవరిని ఎందుకు ఎన్నుకున్నాడు, ఇలాంటివి చూస్తారు. నెమ్మదిగా ఉండి, అందరి మాటా విని, చివర్లో ఒక మంచి మాట చెప్పే పిల్లలు చాలామంది ఎంపికయ్యారు. పైలట్ పరీక్ష సీపీఎస్‌ఎస్ మాత్రం జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, ఆ ముందురోజు నిద్ర సరిగ్గా పోనివ్వండి. ఇంటి దగ్గర మీరు చేయగలిగింది ఒకటుంది. అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి పందిరో, క్రికెట్ టోర్నమెంటో వాడి చేతిలో పెట్టండి, లెక్కలూ గొడవలూ వాడినే తేల్చుకోనివ్వండి.

మీ చేతిలో ఉంటే ఏం మారుస్తారు?

మూడు పనులు. కుర్ర పైలట్‌ని మొదటి రెండేళ్లలోనే కొన్ని నెలలు ఫస్ట్ లైన్ సర్వీసింగ్‌లో (ఎగిరే ముందూ దిగాకా విమానానికి చేసే రోజువారీ పనిలో) ఎయిర్‌మెన్‌తో షిఫ్టుల్లో ఉంచుతాను, రాత్రి షిఫ్టుతో సహా. ఫైటర్ వాళ్లని కూడా చిన్న డిటాచ్‌మెంట్లకి పెద్దగా పంపుతాను, ఎగరని బాధ్యత అయినా సరే. ఇక సీఓని ఎంపిక చేసేటప్పుడు అతను ఫ్లైట్ కమాండర్‌గా ఉన్న స్క్వాడ్రన్ ఇంజినీరింగ్ ఆఫీసర్‌నీ, అక్కడి సీనియర్ వారంట్ ఆఫీసర్‌నీ పిలిచి అడుగుతాను. ఇప్పుడు రిపోర్టులన్నీ పైనుంచి కిందకే రాస్తారు. కింద ఉన్నవాళ్లకి ఏం తెలుసో ఎవరూ అడగరు, అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాం.